అష్టఘంటా విజయము

కలదు కృష్ణవేణీ సాగర సంగమ సమీపంబున బందరనంబరగు పట్టణరాజంబు. మచిలీపట్నం అన్నది రైల్వేవాళ్లు బోర్డు మీద రాసుకున్న పేరు. దిగేవాళ్లంతా బందరులోనే దిగుతారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ ఈ రేవులో లంగరు దించింది. డచ్చివాళ్లు అంతకు కొన్నేళ్ల ముందే వచ్చి కొట్టు తెరిచారు. పూర్వకవి అయితే ఇక్కడ ఆగి మేడలను, మదగజాలను, పూలమ్మే పుష్పలావికలను తలా ఐదు పద్యాల చొప్పున వర్ణిస్తేనే గాని కదలడు. మనకు గజాలు లేవు, తొక్కుడు లడ్డు ఉంది. శనగపిండిని నూనెలో వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకమూ నెయ్యీ పోసి మళ్లీ తొక్కితే వచ్చే పదార్థమది. బందరు క్వయర్ మాస్టార్లు పాట నేర్పేదీ ఇంచుమించు ఆ పద్ధతిలోనే.

పురవర్ణన కాగానే సముద్ర వర్ణన చేయాలని లాక్షణికుల శాసనం. ఈ ఊళ్లో సముద్రం మీద వేళాకోళాలు చెల్లవు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి బందరులోనూ చుట్టుపక్కలా ముప్పైవేల మందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడి వేలమందిని మింగింది. అవనిగడ్డ వైపు ఇప్పటికీ మనుషుల వయసు 'ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత' అనే లెక్కలోనే చెబుతారు. కనుక సముద్రుడికి దూరం నుంచే ఒక దండం. ఆయన తలచుకుంటే బంగాళాఖాతంలో అల్పపీడనం పుడుతుంది, రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగురుతుంది, క్వయర్ ప్రాక్టీసుకు సగం మంది రారు. వచ్చిన సగం మంది కోసిన చేలు తడుస్తాయేమోనని మాట్లాడుకుంటారు.

ఇక కథాకాలం ధనుర్మాసం. కావ్యంలో ఏ ఋతువైనా నప్పుతుంది గాని, మన కథకు ఈ నెల తప్ప ఇంకోటి పనికిరాదు. ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు. పెళ్లిళ్లు లేకపోతే బ్యాండు మేళానికి పనుండదు. పని లేని బ్యాండు మేళం బేరానికి దిగుతుంది. పంచాంగకర్తలు ఏ ఉద్దేశంతో శూన్యమాసం అని పెట్టారో గాని, డెల్టాలో క్రిస్మస్‌కు ట్రంపెట్లు అందుబాటు ధరకు దొరుకుతున్నాయంటే అది వాళ్ల చలవే.

నాయకుడు ఎవరు? ఎవరూ లేరు. ఎనిమిది గంటలున్నాయి.

చేతిగంటలతో పాట వాయించడం ఇంగ్లండులో పుట్టిన విద్య. చర్చి గోపురంలో టన్నుల కొద్దీ బరువున్న గంటల్ని తాళ్లతో లాగేవాళ్లు, వరసలు సాధన చేయడానికి ప్రతిసారీ ఊరంతటినీ నిద్ర లేపలేక, అవే వరసల్ని చేతిలో పట్టే చిన్న గంటల మీద సాధన చేసుకునేవారు. పోనుపోను ఆ చిన్న గంటలకే పాట అబ్బింది. అమెరికాకు పాకాక 1954లో ఏకంగా జాతీయ సంఘమే పెట్టుకున్నారు. ఈ విద్యలో చిత్రమేమిటంటే మనిషికి ఒక గంటో రెండు గంటలో ఉంటాయి. పాట ఏ ఒక్కరి దగ్గరా ఉండదు. 'రి' చేతిలో ఉన్నవాడు తన 'రి' వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడాలి, వచ్చినప్పుడు ఒక్కసారి ఊపాలి, మళ్లీ నిలబడాలి. ఉమ్మడి కుటుంబాలు పోయాయని వాపోయేవాళ్లు ఒకసారి చూడదగ్గ వాయిద్యం.

ఈ విద్యను మా క్వయర్‌లోని యూత్ ఫోనులో చూశారు. చూసిన రాత్రి నిద్రపోలేదు. మర్నాడు సెట్టు కొనిపెట్టమని సంఘం ట్రెజరర్ గారిని అడిగారు. ఆయన ధర విని కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఆ డబ్బుతో ప్రహరీ గోడ కట్టించొచ్చు నాయనా," అన్నారు. ప్రహరీ గోడా కట్టించలేదనుకోండి, అది వేరే పర్వం.

అంతట యువజనులు దిక్కులకు బయల్దేరారు. పాండవుల దిగ్విజయ యాత్రలో నకుల సహదేవులు తెచ్చిన కప్పాలు వీళ్లు తెచ్చిన గంటల ముందు ఏపాటి? కింది 'స' జంగందేవర గారిది. ధనుర్మాసంలో తెల్లవారుజామున వీధి వీధీ తిరిగి శంఖం ఊది వాయించే గంట అది. పొద్దున్న ఆయనకు కావాలి గనుక సాయంత్రాలు మాత్రమే ఇస్తానన్నారు. గంటను ఒంటరిగా పంపడం ఆచారం కాదని ఆయనా కూడా వచ్చారు. 'రి' ఒక స్కూల్లో ఆయమ్మ కొట్టే ఇత్తడి చేతిగంట. 'గ' పక్కింటి మామ్మగారి హారతి గంట. ఆవిడ దాన్ని చింతపండుతో తోమి, పసుపు గుడ్డలో చుట్టి, "మీ దేవుడి దగ్గర వాయించాక కడిగి తెండర్రా, ఏకాదశి లోపల," అని చేతిలో పెట్టింది. 'మ' గుడ్లవల్లేరులో ఒక రైతు ఇంట్లో అటక మీద దొరికింది. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చాక మెడగంటకు పని లేకుండా పోయింది. 'ప' మా సండే స్కూలుదే. 'ద' రిటైర్డ్ తహసీల్దారు గారి బల్ల మీది గంట. ఒకప్పుడు అది టంగుమంటే బంట్రోతులు పరిగెత్తుకొచ్చేవారు, ఇప్పుడు టంగుమంటే ఇంట్లో పిల్లి కూడా తల తిప్పదు. 'ని' గుడ్లవల్లేరు కుర్రాడి సైకిలు బెల్లు. పై 'స' పీచుమిఠాయి వాడి గంట.

వీటిని ఒక శ్రుతికి తేవడం సముద్రమథనం.

గంట స్వరాన్ని దింపడం తేలిక, ఎక్కించడం కష్టం. లోపలి గోడ అరగదీస్తే స్వరం దిగుతుంది, అంచు దగ్గర మైనం అంటించి బరువు పెంచినా దిగుతుంది. దిగినదాన్ని పైకి లేపాలంటే విశ్వకర్మ రావాలి. మాకు విశ్వకర్మ చిలకలపూడిలోనే దొరికాడు. కవరింగు నగల పని చేసే మనిషి. గాజు అంచును వెంట్రుకవాసి గీసి సరిచేసే చెయ్యి. ఒక పిల్ల హార్మోనియం మెట్టు నొక్కి పట్టుకుంటే, ఆయన గంటను ఒకసారి మోగించి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, మోత పూర్తిగా చచ్చేదాకా వినేవాడు. మోతలో ఒక వణుకు ఉంటుంది. హార్మోనియం స్వరానికీ గంట స్వరానికీ తేడా ఉన్నంతసేపూ ఆ రెండూ కలిసి 'వవవవ'మని కొట్టుకుంటాయి. ఆయన ఆకురాయితో లోపల రెండు గీతలు గీసి మళ్లీ మోగించేవాడు. వణుకు నెమ్మదించేది. ఇంకో గీత. ఇంకా నెమ్మదించేది. వణుకు ఆగిన చోట ఆకురాయి ఆపేసి, గంటలోంచి రాలిన ఇత్తడి పొడిని అలవాటు కొద్దీ కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకునేవాడు. "బంగారం కాదు బాబాయ్," అని కుర్రాళ్లు నవ్వితే, "చేతికి తెలీదురా," అన్నాడు.

మామ్మగారి గంటకూ జంగందేవర గంటకూ ఆకురాయి తగలనివ్వలేదు, మైనంతో సరిపెట్టారు. పీచుమిఠాయి వాడు మైనానికి కూడా ఒప్పుకోలేదు. "సార్, ఈ గొంతు విని పిల్లలు వీధి చివరి నుంచే పరిగెత్తుకొస్తారు. ఇది మారితే నా వ్యాపారం పోతుంది," అన్నాడు. న్యాయమే. మాస్టారు పెట్టె మీద చూస్తే అది ఆరున్నర శ్రుతిలో ఉంది. దాంతో సంగీత శాస్త్రం, సంఘ పెద్దలు, మిగిలిన ఏడు గంటలు, ముప్పైమంది గాయనీ గాయకులు అందరూ పీచుమిఠాయి గంటకు తలవంచారు.

తలవంచనిది ఆల్టో వర్గం. ఆడవాళ్లకు ఐదు శ్రుతి అలవాటు. ఆరున్నర అంటే పై పట్టులో గొంతు చిరుగుతుందని ఆల్టో అక్కయ్య అలిగి రెండు ప్రాక్టీసులు మానేసింది. అప్పుడు రాయబారానికి బయల్దేరినవాడు మా హార్మోనిస్టు. ఈయన గురించి చెప్పకుండా కావ్యం ముందుకు కదలదు. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వారు హిందూ హైస్కూల్లో పాఠం చెప్పిన ఊరిది. 1843లో రాబర్ట్ నోబుల్ దొర బడి పెట్టిన ఊరూ ఇదే. ఆ జంటకవుల పాండవ నాటకాలు, ఈ దొరల నాలుగు గొంతుల పాటలు, రెండూ ఒకే మనిషి వేళ్లలో ఇరుక్కుంటే మా హార్మోనిస్టు అవుతాడు. సంక్రాంతికి కృష్ణుడి పద్యాలకు రాగం అందించేదీ, డిసెంబరులో క్యారల్స్‌కు కాళ్లతో బెలోస్ తొక్కేదీ ఆయనే. చరణం చరణానికీ మధ్య ఆయన వేళ్లు తమంతట తామే రంగస్థలం ఎక్కుతాయి. పశువుల పాకలో శిశువు నిద్రపోతున్న ఘట్టంలో కూడా ఒక్కోసారి పాంచజన్యం వినిపిస్తుంది.

హార్మోనియం అంటే చిన్నచూపు వద్దు. ఆలిండియా రేడియో దాన్ని 1940 నుంచి 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. ముప్పై ఏళ్ల పైచిలుకు వనవాసం చేసి తిరిగొచ్చిన వాయిద్యం దేనికైనా రాయబారం చేయగలదు. హార్మోనిస్టు గారు ఆల్టో అక్కయ్య ఇంటికి వెళ్లి, కాఫీ తాగి, "అమ్మా, బ్యాండు వాళ్ల ట్రంపెట్లు పుట్టుకతోనే ఆరున్నర. వాటిని దింపలేం. పై పట్టు నువ్వు పాడొద్దు, ట్రంపెట్‌కు వదిలేయ్. వాడి గొంతు చిరిగితే నీకేం?" అన్నాడు. శ్రీకృష్ణుడు కౌరవ సభలో ఈపాటి మాట ఆడగలిగి ఉంటే పద్ధెనిమిది అక్షౌహిణులు ఇళ్లకు వెళ్లిపోయేవి.

సేనలు కదిలాయి. దివిసీమ నుంచి బ్యాండు మేళం ట్రాలీ ఆటోలో బయల్దేరింది: ఎర్రకోట్లు, భుజాల మీద బంగారు కుచ్చులు, రెండు ట్రంపెట్లు, ఒక శాక్సొఫోను, ఒక యుఫోనియం, డ్రమ్ములు. యుఫోనియం ఆటోలో పట్టక పోతే దాని యజమాని దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. అవనిగడ్డ, పులిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి. దారి పొడుగునా రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. వడ్ల కుప్పకు ఒక రాయి కాపలా, రాయికి ఒక ముసలాయన కాపలా. ఎర్రకోట్లు చూసి ఆయన "ఎవరి పెళ్లిరా ఈ నెల్లో?" అని కేకేశాడు. "యేసుప్రభువు పుట్టినరోజు తాతా!" అని ట్రంపెట్ జవాబు.

గుడివాడ వైపు నుంచి రావలసింది ఇద్దరే: 'మ' చేతబట్టిన అక్క, 'ని' చేతబట్టిన తమ్ముడు. ఘంటసాల పుట్టిన చౌటపల్లి తమ వైపుదే గనుక సంగీతం తమ ఊళ్ల సొంతమని వాళ్ల నమ్మకం. గుడ్లవల్లేరులో ప్యాసింజరు ఎక్కారు. కవుతరం, వడ్లమన్నాడు దాటింది. పెడన దగ్గర రైలు నిలబడిపోయింది.

సభ మొదలైంది. కర్టెన్లు, కాగితపు నక్షత్రాలు, పశువుల పాక, సీరియల్ లైట్లు, దోమలు. ప్రారంభ ప్రార్థన. సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అనే చతురంగ బలాలు నాలుగు వరసల్లో నిలిచాయి. మొదటి పాటకే ట్రంపెట్ల ధాటికి ముందు వరసలో ఒక పసివాడు లేచి ఏడ్చాడు, రెండో పాటకు వాడు అలవాటుపడ్డాడు. చలికి ఇత్తడి చల్లబడితే స్వరం దిగుతుంది. అందుకని బ్యాండువాళ్లు పాటలు లేనప్పుడు కూడా చప్పుడు లేకుండా ట్రంపెట్లలోకి వెచ్చటి గాలి ఊదుతూ కూర్చున్నారు. మధ్యమధ్య మీట నొక్కి లోపలి తడి నేల మీదికి వదిలేవారు. ఎర్రకోటు వేసుకున్న మహారథి అరుగు మీద చిన్న మడుగు చేసి, దాన్ని బూటు కింద కప్పెట్టి, ఏమీ ఎరగనట్టు నక్షత్రం వైపు చూడడం కళ్లారా చూశాను.

తొమ్మిదో అంశం చేతిగంటలు. పాట 'జాయ్ టు ది వరల్డ్'. ఐజాక్ వాట్స్ మాటలు 1719లో అచ్చయ్యాయి. ఇప్పుడు అందరూ పాడే వరస తర్వాత శతాబ్దంలో అమెరికాలో లోవెల్ మేసన్ కూర్చినది. మాస్టారు ఈ పాటే ఎంచుకోవడానికి కారణం ఉంది. దీని మొదటి వరస పై 'స' నుంచి కింది 'స' దాకా ఒక్కో మెట్టూ దిగుతూ వస్తుంది: స ని ద ప మ గ రి స. ఎనిమిది స్వరాలు, ఎనిమిది గంటలు, ఒక్కో గంటకు ఒక్కో మోత. పిల్లలకు ఇంతకన్నా తేలిక పాట దొరకదు, ఎనిమిది మందీ ఉంటే. ఆరుగురే ఉన్నారు.

"ఎక్కడున్నావే?" అని ఆల్టో అక్కయ్య ఫోనులో గుసగుస. "ఇప్పుడే కదిలింది పిన్నీ, చిలకలపూడి వస్తోంది." మాస్టారు కార్యక్రమం తలకిందులు చేశారు. ముఖ్య అతిథి ప్రసంగాన్ని ముందుకు తెచ్చారు. ఒక నాయకుడి ప్రసంగం ఇంకాస్త సాగితే బాగుండునని క్రిస్మస్ సభ ఒకటి మనస్ఫూర్తిగా కోరుకోవడం డెల్టా చరిత్రలో అపూర్వం. ఆయన ఆ ఒక్కరోజే రెండు ముక్కల్లో ముగించి కూర్చున్నాడు. ఇంకో సెమీ క్రిస్మస్‌కు వెళ్లాలట.

ఇక గత్యంతరం లేదు. ఆరుగురు పిల్లలు తెల్లచొక్కాలతో బల్ల వెనక నిలబడ్డారు. జంగందేవర గంట మోయడం ఏడో తరగతి పిల్లాడి వల్ల కాక రెండు చేతులా పట్టాడు. దేవర గారు పక్కనే నిలబడి గంటను గాక పిల్లాడిని కాపలా కాస్తున్నారు. మాస్టారి ముఖం పాలిపోయింది. స ని ద ప మ గ రి స లోంచి 'ని', 'మ' తీసేస్తే మొదటి వరసలోనే రెండు పళ్లూడతాయి.

అప్పుడు హార్మోనిస్టు గారు కుర్చీలో ముందుకు జరిగారు. "మాస్టారూ, 'మ', 'ని' లేకపోతే లోపమెందుకవుతుందండీ? మోహనమవుతుంది," అన్నారు. స రి గ ప ద: మన దగ్గరున్నవి సరిగ్గా అవే. "దిగడం ఇప్పుడే వద్దు. ముందు ఎక్కుదాం," అని పిల్లలకు కళ్లతో సైగ చేసి బెలోస్ తొక్కారు. జంగందేవర 'స' మోగింది. బడిగంట 'రి', మామ్మగారి 'గ', సండే స్కూలు 'ప', తహసీల్దారు 'ద', పీచుమిఠాయి పై 'స'. ఆ ఆరు మెట్ల మీద హార్మోనిస్టు గారు మోహన రాగాలాపన పరిచారు. ఎనిమిది స్వరాల ఇంగ్లీషు పాట కోసం ఎదురుచూస్తున్న సభ మెడలు నిక్కించింది. ఆయన మళ్లీ ఎక్కించారు. పిల్లలు మళ్లీ మోగించారు. వెనక వరసలోంచి నాటకాలకు అలవాటైన గొంతు ఒకటి ఆపుకోలేక "వన్స్ మోర్!" అంది. పాస్టరు గారు తిరిగి చూశారు. ఆయన ముఖంలో కోపం ఉందో లేదో వెలుతురు చాలక తెలియలేదు. వన్స్ మోర్ అయింది. మూడోసారీ అయింది. యుఫోనియం మాస్టరు ఆగలేక కింది 'స' పట్టుకుని శ్రుతి వేశాడు. మోహనానికి యుఫోనియం అంత బాగా నప్పుతుందని ఏ లక్షణ గ్రంథమూ చెప్పలేదు.

నాలుగోసారి పై 'స' చేరేసరికి గేటు దగ్గర అలజడి. అక్కా తమ్ముడూ ఆటో దిగి పరుగు. అక్క చేతిలో ఎద్దు మెడగంట పరుగుకు తనంతట తానే మోగుతోంది, ఆ దారిన ఎద్దు ఏదైనా వస్తోందేమోనని వెనక కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకున్నారు. ఇద్దరూ ఆయాసపడుతూ వచ్చి 'మ' స్థానంలో ఒకరు, 'ని' స్థానంలో ఒకరు నిలబడ్డారు. హార్మోనిస్టు గారు తలెత్తకుండానే, "ఇప్పుడు దిగండర్రా," అన్నారు.

పీచుమిఠాయి మోగింది. సైకిలు బెల్లు ట్రింగుమంది. తహసీల్దారు, సండే స్కూలు, ఎద్దు, మామ్మగారు, బడి, జంగందేవర. ఎనిమిదీ వరుసగా, ఒక్కటి కూడా తొట్రుపడకుండా మెట్లు దిగాయి. కింది 'స' నేలకు తగిలీ తగలగానే ట్రంపెట్లు రెండూ లేచాయి, నాలుగు వరసల గొంతులూ లేచాయి, ఆల్టో అక్కయ్య కూడా అలక మరిచి పై పట్టు తానే పాడేసింది. ఎక్కేటప్పుడు మోహనం, దిగేటప్పుడు శంకరాభరణం అయితే దాన్ని బిలహరి అంటారు. లోవెల్ మేసన్ పాటను బిలహరిలో విన్న సభ భూమండలంలో ఇంకెక్కడైనా ఉందేమో గాని, పెడన దగ్గర సిగ్నలు ఇవ్వకపోవడం వల్ల విన్న సభ మాత్రం మాదొక్కటే.

చివర్లో దేవర గారు "శంఖం కూడా ఊదమంటారా?" అని అడిగారు. మాస్టారు రెండు చేతులూ జోడించారు. శంఖానిది ఏ శ్రుతో ఎవరికీ తెలియదు. కానీ అప్పటికే ట్రంపెట్ మాస్టరు కన్ను దాని మీద పడింది. ఒకసారి ఊది చూస్తానని అడిగి తీసుకుని ఊదాడు. సభ మొత్తం లేచి నిలబడింది, హాలెలూయా అనుకుని.

వందన సమర్పణ పాటలన్నిటికన్నా పొడుగ్గా సాగింది, దాన్ని వర్ణించను. బిర్యానీ పొట్లాలు పంచారు. బ్యాండువాళ్లు తమవి విప్పకుండా ట్రాలీ ఆటోలో పెట్టుకున్నారు, ఇళ్లలో పిల్లలుంటారు. ట్రెజరర్ గారు బేరం ప్రకారం లెక్కపెట్టి ఇచ్చి, తర్వాత ఎవరూ అడగకుండానే ఇంకో నోటు జోడించారు. ఆటో కదులుతుంటే యుఫోనియం మాస్టరు మోహనం ఎత్తుకున్నాడు.

గంటలు ఎవరివి వాళ్లకు చేరాయి. మామ్మగారిది ఏకాదశి లోపలే, మైనం గీకేసి, కడిగి. జంగందేవర మర్నాడు తెల్లవారుజామున మా వీధిలోనే తిరిగారు. మైనం తీయడం మరిచిపోయినట్టున్నారు, గంట కాస్త కిందికి పలికింది. బడిగంటకు మాత్రం ఆకురాయి పడింది గనుక అది ఇక పైకి రాదు. సెలవులు అయ్యాక ఆయమ్మ గంట కొడితే ఆ స్వరం తమ బడిది కాదనుకుని సగం మంది పిల్లలు ఆటలోనే ఉండిపోయారట. "దీనికి జలుబు చేసిందమ్మా," అని ఆవిడ రెండోసారి కొట్టబోతుంటే గేటు బయట పీచుమిఠాయి గంట మోగింది. దానికి అందరూ ఒక్క పిలుపుకే వచ్చారు.